పాత కార్లకు ఆయిల్ ప్రెషర్ స్విచ్, రిలే కొనేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

రాయగడ, గుణుపురం, జయపురం వైపు పాత మారుతీలు ఇంకా నడుపుకుంటున్న మనవాళ్ళందరికీ చెబుతున్నాను. డబ్బా మీద హోలోగ్రాం మెరుస్తోందని, ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోతే డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగించే ఆ ఆయిల్ ప్రెషర్ స్విచ్ కొనేయకండి. నేను అలాగే కొన్నాను. 180 రూపాయల వస్తువు వల్ల ఇంజన్ మొత్తం విప్పించాల్సి వచ్చింది.

మాది 2003 ఎస్టీమ్, నాన్నగారు కొన్న బండి. దసరాకి ముందు రైలు గేటు దగ్గర ఆగినప్పుడల్లా డ్యాష్‌బోర్డులో నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్రలైటు మినుకు మినుకుమనేది. మామూలుగా చూపించే మెకానిక్ బానెట్ ఎత్తి, "సెన్సార్ పోయింది సార్, మార్చేద్దాం. ఫ్యూయల్ పంపు రిలే కూడా పాతదే, పనిలో పని అదీ వేసేద్దాం" అన్నాడు. గేజి పెట్టి ప్రెషర్ ఎంతుందో చూడలేదు. చూడమని నేనూ అడగలేదు. బజారుకెళ్ళి ఆయన సెన్సారన్న ఆ స్విచ్, పెట్రోలు పంపుకి కరెంటు కలిపే రిలే, రెండూ తెచ్చాను. "ఒరిజినలే బాబూ, డబ్బా చూడండి" అన్నాడు కొట్టాయన. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చాడు. స్విచ్ బిగించాక లైటు ఆరిపోయింది. రోగం కుదిరిందనుకున్నాను.

మూడు వారాలకి అమ్మని కొరాపుట్ జగన్నాథస్వామి గుడికి తీసుకెళ్తున్నాం. లక్ష్మీపూర్ దాటాక ఎక్కుడులో కింద నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. ఎర్రలైటు వైపు చూశాను, వెలగలేదు. లైటు లేదు కాబట్టి ఆయిల్ బాగానే ఉందని ఇంకో పది కిలోమీటర్లు పోనిచ్చాను. ఆ పది కిలోమీటర్లే ఇంజన్‌ని తినేశాయి. మాడు వాసన వస్తోందని అమ్మ అంటే ఆపాను. డిప్‌స్టిక్ తీస్తే చివర కూడా ఆయిల్ అంటలేదు. టార్చి వేసి చూస్తే కొత్త స్విచ్ నల్ల ప్లాస్టిక్ టోపీ, దాని కింద ఇనప భాగం కలిసేచోట, రేకు మడత సందులోంచి ఆయిల్ ఊరి చుక్కచుక్కగా కారుతోంది. కింద రోడ్డు మీద అరచేయంత మరక.

బండిని లారీ మీద పార్వతీపురం చేర్చాను. అక్కడ ఒక పెద్ద మెకానిక్ నన్ను మొదట అడిగిన మాట: "బాబూ, స్టార్ట్ చెయ్యకుండా తాళం తిప్పి చూసావా, లైటు వెలుగుతోందా?" ఇన్నేళ్ళు బండి నడిపినా ఆ సంగతి ఎప్పుడూ గమనించలేదు. తాళం తిప్పగానే ఆ లైటు వెలగాలి. అప్పుడు ప్రెషర్ ఉండదు, స్విచ్ లోపలి కాంటాక్టులు కలిసి ఉంటాయి, కరెంటు ఇంజన్ బాడీలోకి ఎర్తు అవుతుంది. ఇంజన్ తిరిగి ఆయిల్ తోస్తే కాంటాక్టులు విడిపోయి లైటు ఆరుతుంది. ఆయన వైరు పీకి ఇంజన్ బ్లాకుకి తాకించాడు, లైటు వెలిగింది. అంటే బల్బు, వైరు మంచివే. కొత్త స్విచ్ కాంటాక్టులు మొదటినుంచీ కలవడమే లేదు. ప్రెషర్ ఉన్నా లేకపోయినా అది ఎప్పటికీ చెప్పదు.

ఇంకో సంగతి తెలిసి కడుపు మండింది. పాత స్విచ్‌కి ఏ దోషమూ లేదు. దానికెళ్ళే వైరు పైతొడుగు ఒకచోట చిట్లి, ఐడిల్‌లో బండి అదిరినప్పుడల్లా బాడీకి తగులుతోంది. అందుకే మినుకుమనేది. కొత్తది బిగించేటప్పుడు వైరు పక్కకి జరిగింది, అంతే.

బేరింగులు, క్రాంకు గ్రైండింగు, కూలీ అన్నీ కలిపి 26,000 అయ్యింది.

కొనేముందు చూడండి. లైటుకి పనిచేసే స్విచ్ వేరు, ముల్లు గేజికి పనిచేసే సెండర్ వేరు. కొట్లో రెండింటినీ సెన్సారనే అంటారు. మరలు కూడా పాతదాని పక్కన పెట్టి చూడాలి. జపాన్ డిజైను బళ్ళలో ఎక్కువగా వచ్చే 1/8 టేపరుకి (చివరికి సన్నబడే మర) అంగుళానికి 28 మరలు, అమెరికా రకానికి 27. కంటికి ఒకేలా ఉంటాయి, రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుంటాయి. బలవంతంగా తిప్పితే బ్లాకులో మర పోతుంది. టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టనివ్వకండి. ఈ రకం స్విచ్‌కి ఎర్తు ఆ మరల ద్వారానే అందాలి, పైగా టేపు ముక్కలు ఆయిల్ దారిలో పడే ప్రమాదం ఉంది. బిగించాక తాళం తిప్పితే లైటు వెలగాలి, స్టార్ట్ చేస్తే క్షణాల్లో ఆరాలి. రెండూ జరిగితేనే డబ్బులివ్వండి. ఇంకొకటి, చాలా బళ్ళలో ఆ లైటు ఆయిల్ ప్రెషర్ బాగా తగ్గి సుమారు 0.2 నుంచి 0.5 బార్ (ప్రెషర్ కొలత) దగ్గరకి పడిపోతేగానీ వెలగదు. నడుస్తుండగా వెలిగిందంటే పక్కకి తీసి ఇంజన్ వెంటనే ఆపేయండి, "ఊరు చేరాక చూద్దాం" అనుకోకండి.

రిలే సంగతీ అంతే. ఆ రోజే దాన్నీ ఊడదీస్తే ఒక మూల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంది. మూత తీస్తే కాంటాక్టులు మసి. పైన 30 ఆంపియర్లని అచ్చు ఉంది, లోపల రాగిరేకు ఉల్లిపొర అంత పలచన. చేతిలో పట్టుకున్నా తేడా తెలుస్తుంది, పాతది బరువు. టక్కుమని చప్పుడొచ్చినంత మాత్రాన రిలే మంచిదని కాదు. రిలే కింద కాళ్ళకి నంబర్లుంటాయి, వాటిలో 85, 86 టక్కుమనిపించే కాయిల్‌వి. అసలు లోడు వెళ్ళేది 30 నుంచి 87కి, లోడు నడుస్తుండగా ఆ రెండు కాళ్ళ మధ్య వోల్టేజి ఎంత పడిపోతోందో చూడాలి. నాలుగు కాళ్ళ రిలేల్లో 30, 86 స్థానాలు మారిన రకం కూడా ఉంది. సాకెట్‌లో చక్కగా దిగుతుంది, వైరింగు మాత్రం తప్పుతుంది. కింద నంబర్లు చదివి, పాతదానితో పోల్చి కొనండి.

రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి శ్రీకాకుళం, పార్వతీపురం నుంచి పాత బళ్ళలో వచ్చేవాళ్ళు చాలామంది. దారిలో లైటు వెలిగి ఎవరైనా "సెన్సార్ మార్చేద్దాం" అంటే ముందు వైరు చూపించమనండి, గేజి పెట్టమనండి. పాత స్విచ్ పారేయకుండా ఇంటికి తెచ్చుకోండి. నేను డిక్కీలో పడేశాను కాబట్టి దొరికింది. శుభ్రం చేసి, వైరుకి కొత్త తొడుగు వేసి, ఇప్పుడు మళ్ళీ అదే బిగించాం.

పక్కా బిల్లు లేక ఆ కొట్టాయన్ని నేను గట్టిగా నిలదీయలేకపోయాను. మీరు జీఎస్టీ బిల్లు తీసుకోండి, పార్టు నంబరు అందులో రాయించండి. అలా ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు చూపించడానికి చేతిలో కాగితం ఉంటుంది.