రూట్ 66: మూడు రోజులుంటే ఏ ముక్క మేలు?

లాంగ్ వీకెండ్ దగ్గరపడిందంటే ఇదే ప్రశ్న: "రూట్ 66 చూడాలి, మూడు రోజులే ఉన్నాయి, ఎటు వెళ్లమంటారు?" అమెరికాలో షికాగో నుంచి కాలిఫోర్నియాలోని శాంటా మోనికా దాకా సాగిన పాత హైవే ఇది: 2,448 మైళ్లు, ఎనిమిది రాష్ట్రాలు. మూడు రోజుల్లో అయ్యే పని కాదు. పైగా 1985లో హైవేల జాబితాలోంచి తీసేశాక పాత రోడ్డు ముక్కలైపోయింది. ఏదో ఒక ముక్కతో సరిపెట్టుకోవాల్సిందే.

షికాగో వైపు వాళ్లకు ఇల్లినాయ్ ఒక్కరోజు షికారు: పాంటియాక్ మ్యూజియం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కోజీ డాగ్ (పుల్లకు గుచ్చి, పిండిలో ముంచి వేయించిన సాసేజ్). దానికోసం విమానం ఎక్కనక్కర్లేదు. కాన్సాస్‌లో ఉన్నదే 13 మైళ్లు. అసలు పోటీ ఓక్లహోమా–టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనాల మధ్యే.

చూడ్డానికి ఏముందని అందరూ అడుగుతారు, తినడానికి ఏముందని ఎవరూ అడగరు. మనవాళ్ల ట్రిప్పులు చెడేది అక్కడే. బీఫ్ తిననివాళ్లు ఇద్దరు, శాకాహారి ఒకరు, కారం లేకపోతే ముద్ద దిగనివాళ్లు ఇంకొకరు కారులో ఉంటే, మూడోపూట కూడా ఫ్రెంచ్ ఫ్రైసే అయ్యేసరికి వింతలన్నీ వెలవెలబోతాయి.

డాలస్ వాళ్లకు దగ్గర ఓక్లహోమా–టెక్సస్. వింతలూ ఇక్కడే ఎక్కువ: కటూసాలో 80 అడుగుల నీలి తిమింగలం, ఆర్కేడియాలో 1898 నాటి గుండ్రటి కొట్టం, దాని దగ్గరే వందల రకాల సోడాలు అమ్మే పాప్స్, షామ్‌రాక్‌లో 1936 నాటి పెట్రోల్ బంకు యూ-డ్రాప్ ఇన్, అమరిల్లో దగ్గర ముక్కు భూమిలో పాతిన పది కాడిలాక్ కార్లు. ఈ కాడిలాక్ రాంచ్‌కి టికెట్ లేదు, ఎవరైనా రంగు వేయొచ్చు. అయితే అక్కడ గాలి ఆగదు. గాలిని వీపు వెనక పెట్టుకుని స్ప్రే కొట్టండి, లేదంటే రంగు కారు మీద కన్నా మీ చొక్కా మీదే ఎక్కువ పడుతుంది. వాన పడిన మర్నాడు పొలమంతా జిగట బురద. పాత చెప్పులతో వెళ్లండి. ఖాళీ డబ్బాలు వెనక్కి తెచ్చుకోండి.

తిండి దగ్గరికొచ్చేసరికి చిక్కు. ఎల్ రీనోకి పేరు తెచ్చిన ఆనియన్ బర్గర్‌లో సన్నగా తరిగిన ఉల్లిపాయను పెనం మీదే మాంసంలోకి అదిమేస్తారు. మాంసం ఖరీదైన కరువు రోజుల్లో పుట్టిన ఉపాయం. రుచికి తిరుగులేదు, కానీ అది బీఫ్. అమరిల్లోలో గంటలో తింటే ఉచితమనే 72 ఔన్సుల స్టేకూ, అంటే రెండు కిలోలదీ, బీఫే. అన్నిటికన్నా మోసం చేసేది చికెన్ ఫ్రైడ్ స్టేక్: పేరులో చికెన్, ప్లేటులో బీఫ్. చికెన్ వేయించినట్టు వేయిస్తారు కాబట్టి ఆ పేరు. బీఫ్ తిననివాళ్లు మెనూలో ముందు గుర్తుపెట్టుకోవాల్సింది దీన్నే.

రోడ్డు కోసమే వెళ్లేవాళ్లకు అరిజోనాను మించింది లేదు, ఇందులో వాదనకు తావులేదు. ఇప్పటి పెద్ద హైవే ఐ-40 మీద 139వ ఎగ్జిట్ దగ్గర క్రూక్టన్ రోడ్ ఎక్కితే సెలిగ్‌మన్, పీచ్ స్ప్రింగ్స్, కింగ్‌మన్ మీదుగా టోపాక్ దాకా సుమారు 160 మైళ్లు పాత రోడ్డు తెగకుండా సాగుతుంది. మ్యాప్‌లో టోపాక్ ఒక్కటే కొడితే ఐ-40 మీదకే లాగుతుంది, మధ్య ఊళ్లన్నీ స్టాపులుగా పెట్టుకోండి. కింగ్‌మన్ దాటాక సిట్‌గ్రీవ్స్ కనుమలో హెయిర్‌పిన్ మలుపులు, చాలాచోట్ల పక్కన రెయిలింగ్ ఉండదు. 40 అడుగులు దాటిన బండ్లకు అనుమతి లేదు. దిగితే ఓట్‌మన్, వీధుల్లో తిరిగే అడవి గాడిదలు. చిప్స్, బ్రెడ్డు పెట్టకండి, గాడిద పిల్లలకైతే అసలేమీ పెట్టకండి. ఎండాకాలంలో ఈ వైపు 40 డిగ్రీలు మామూలే కాబట్టి నీళ్లు, తిండి కింగ్‌మన్‌లోనే సర్దుకోవాలి. తిండి మాత్రం ఎక్కువగా బర్గర్, మిల్క్‌షేక్.

న్యూ మెక్సికోలో పాత రోడ్డు చాలావరకు ఐ-40 కింద కలిసిపోయింది, అది ఒప్పుకోవాలి. అయినా నా ఓటు దీనికే, ఒక్క మిరపకాయ వల్ల. ఇక్కడ దాదాపు ప్రతి భోజనానికీ "రెడ్ ఆర్ గ్రీన్?" అని అడుగుతారు, రాష్ట్రం ప్రకటించుకున్న అధికారిక ప్రశ్న ఇది. రెండూ ఒకే మిరపకాయ: పచ్చిగా కోసి కాల్చితే గ్రీన్, పండి ఎండితే రెడ్. రెండూ కావాలంటే "క్రిస్మస్" అనండి. ఏది కారమో ఆ రోజు సరుకును బట్టి ఉంటుంది, వెయిటర్‌నే అడగండి.

చీజ్ ఎంచిలాడా (చీజ్ చుట్టి మిరప సాస్ పోసిన రొట్టె), బీన్ బరీటో (బీన్స్ చుట్టిన రొట్టె) ఏ చిన్న కేఫ్‌లోనైనా దొరుకుతాయి. చిలే రెయెనో అంటే చీజ్ కూరిన మిరపకాయ బజ్జీ అనుకోండి, కాకపోతే పిండిలో గుడ్డు ఉంటుంది. సోపాపియా పూరీలా పొంగి వస్తుంది. మూల తుంచి లోపల తేనె పోసుకోవాలి. శాకాహారులు మాత్రం ఆర్డర్‌కి ముందు మూడు అడగాలి: బీన్స్‌లో లార్డ్, అంటే పంది కొవ్వు, వేశారా? చిలే (మిరపకాయ) సాస్‌లో మాంసం గానీ మాంసం ఉడికించిన నీళ్లు గానీ ఉన్నాయా? టోర్టియాలో, అంటే రొట్టెలో, లార్డ్ ఉందా? పొసోలే (మొక్కజొన్న పులుసు), కార్నే అడొవాడా (రెడ్ చిలేలో ఉడికించిన మాంసం) మామూలుగా పోర్క్‌తోనే చేస్తారు. టమాలే (మొక్కజొన్న పొట్టులో చుట్టి ఆవిరికి ఉడికించేది) పిండిలోనూ లార్డ్ కలపడం ఆనవాయితీ. ఇవేవీ కుదరకపోతే ఐ-40 మీద కొన్ని ట్రక్ స్టాపుల్లో పంజాబీ ధాబాలున్నాయి, పప్పు, రోటీకి ఢోకా లేదు.

అమరిల్లో నుంచి టుకుంకారి సుమారు 113 మైళ్లు. సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది కాబట్టి చీకటిపడేలోపు చేరడం తేలిక. చేరాలి కూడా, ఎందుకంటే ఆ ఊరి అందమంతా నియాన్ దీపాలు వెలిగాకే. 1939 నాటి బ్లూ స్వాలో మోటెల్‌లో గది గదికీ పక్కన కారు పెట్టుకునే గరాజ్ ఉంది. గదులు కొద్దే, నెలల ముందు బుక్ చేసుకోవాలి. మర్నాడు శాంటా రోసాలో బ్లూ హోల్: 81 అడుగుల లోతు, ఏడాది పొడుగునా నీళ్లు 16–17 డిగ్రీలే. మండుటెండలో దూకినా ఒక్కసారి ఊపిరి బిగుసుకుంటుంది. ఆల్బుకర్కీలో సెంట్రల్ అవెన్యూ, ఫోర్త్ స్ట్రీట్ కలిసేచోట ఆగండి. 1937లో దారి మార్చడంతో రూట్ 66 తనను తానే అడ్డంగా దాటే కూడలి అది.

ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్తే కిరాణా దుకాణాల ముందు ఇనుప జల్లెడ పీపాల్లో మిరపకాయలు కాలుస్తుంటారు. ఘాటు పార్కింగ్ దాకా తగులుతుంది. వేడివేడిగా సంచిలో పోసిస్తారు. మూతి కట్టి కాసేపు ఉంచితే ఆవిరికి తొక్క ఊడుతుంది, చల్లారాక ఐస్ బాక్స్‌లో పెట్టేయండి. అలాగే కారు డిక్కీలో వదిలేస్తే ఇల్లు చేరేలోగా పులిసిపోతాయి. సరిగ్గా తెచ్చుకుంటే టమాటాతో రోటి పచ్చడికి భలే పనికొస్తాయి, గింజలు మాత్రం ముందు తీసి కారం చూసుకోండి.