గూగుల్ ఫారమ్ నింపినవాళ్లకు మెయిల్: రసీదా, స్క్రిప్టా?

గూగుల్ ఫారమ్ నింపగానే "మీ వివరాలు అందాయి" అని మెయిల్ వెళ్లాలంటే రెండు దారులున్నాయి. మొదటిది సెట్టింగ్స్‌లోనే ఉంది: మెయిల్ అడ్రస్‌లు తీసుకోమని ఆన్ చేసి, జవాబుల కాపీ ప్రతిసారీ పంపమని పెడితే చాలు. రెండు నిమిషాల పని. కాకపోతే ఆ మెయిల్‌ను మన మాటల్లో రాసుకోలేం. వాళ్లు నింపిందే వాళ్లకు రసీదులా తిరిగి వెళ్తుంది.

రెండోది యాప్స్ స్క్రిప్ట్, అంటే గూగుల్‌లోనే మనం చిన్న కోడ్ రాసి నడిపించుకునే సదుపాయం. పేరు పెట్టి పలకరించొచ్చు, తెలుగులో రాయొచ్చు, హాలు అడ్రస్, టైమింగ్స్ కలపొచ్చు. ట్రిగ్గర్ (ఫారమ్ నింపగానే కోడ్ నడవాలని చెప్పే సెట్టింగ్) పెట్టడం మర్చిపోతే మాత్రం కోడ్ ఎంత బాగున్నా ఒక్క మెయిలూ కదలదు (నాకు ఒక సాయంత్రమంతా అలాగే పోయింది). పైగా మామూలు జీమెయిల్ ఖాతాతో రోజుకు 100 మందికే వెళ్తాయి.

అపార్ట్‌మెంట్‌లో బతుకమ్మకు పేర్లు రాయించుకోవడానికి రసీదు చాలు. ఫీజు కట్టించుకునే క్లాసులకైతే నేను స్క్రిప్టే పెడతాను.