ఆయిల్ పెయింటింగ్ మీద మైనమా, వార్నిషా?

అమ్మమ్మ బొమ్మ వేసినప్పుడు ఆమె కట్టుకున్న నల్ల నేత చీర దగ్గరే వచ్చింది చిక్కంతా. ఆరిన బొమ్మ మీద రక్షణకి పూతగా వార్నిష్ వేస్తే నలుపు తడి రంగులా నిండుగా ఉంటుంది. కానీ ఎదుట ట్యూబ్‌లైటు ఉందా, చీర పోయి లైటే కనిపిస్తుంది. తేనెమైనం పూస్తే ఆ మెరుపు ఉండదు, నూలు చీర నూలు చీరలాగే ఉంటుంది. నలుపు మాత్రం కాస్త వెలవెలబోతుంది.

నేను ముందు మైనమే పూశాను. మినరల్ స్పిరిట్‌లో (పెయింట్ పల్చన చేసే ద్రావకం) కరిగించిన మైనం వెన్నలా ఉంటుంది. పాత బనీను గుడ్డతో పల్చగా రాసి, స్పిరిట్ ఎగిరిపోయాక రుద్దాలి. చదునుగా వేసిన చోట బాగా కుదిరింది. చీర ఎర్రంచుకి మాత్రం రంగుని పెయింటింగ్ కత్తితో మందంగా పెట్టాను. ఆ గీతల సందుల్లో మైనం ఇరుక్కుని, ఎండిన పెరుగు చారల్లా తెల్లగా మిగిలిపోయింది. ఇయర్‌బడ్‌తో ఒక్కో సందూ తుడిచేసరికి చీకటి పడింది.

ఇంకోటి, మన ఎండ. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి, నిజమే. కానీ అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడ పడమటి గోడకి తగిలిస్తే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. వార్నిష్ గట్టిగా ఆరుతుంది, దుమ్ము మెత్తటి బ్రష్‌తో పోతుంది.

వార్నిష్‌లో డామర్ పాతకాలంది. మన గుగ్గిలం చెట్టు కుటుంబానికే చెందిన చెట్ల జిగురు అది. ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. సింథటిక్ రెజిన్‌తో, అంటే ఫ్యాక్టరీలో తయారైన జిగురుతో చేసినవి అంతగా రంగు మారవు, ఎప్పుడైనా మురికి పట్టినా మినరల్ స్పిరిట్‌తో తీసేసి కొత్తది వేసుకోవచ్చు. నా ఓటు వాటికే. డామర్ అయితే రంగు ఆరడానికి 6 నెలల నుంచి ఏడాది ఆగాలి. వాన ముసురులో మాత్రం ఏ వార్నిషూ వేయకండి, తేమకి తెల్లగా మంచు పట్టినట్టవుతుంది.

మెరుపు నచ్చనివాళ్లు ఆరిన వార్నిష్ మీద మైనం పల్చగా రుద్దుకోవచ్చు. మైనం మీద వార్నిష్ మాత్రం వద్దు, సరిగా పట్టదు. అమ్మమ్మ బొమ్మకి పూసిన మైనమంతా తీసేసి, వార్నిష్ వేసి, ఆరాక పైన మైనం రుద్దాను. మందంగా ఉన్న ఎర్రంచు జోలికి మాత్రం వెళ్లలేదు. ఇప్పుడు లైటు వేసినా ఆ చీర నేత కనిపిస్తోంది.