ప్లికర్స్ కార్డులు: ఐటీఐ, పాలిటెక్నిక్ క్లాసుల్లో ఎంతవరకు పనికొస్తాయి?

"అర్థమైందా?" అని అడిగితే ముందు బెంచీల నుంచి నలుగురు "అయింది సార్" అంటారు. మిగతా యాభై ఆరు మంది సంగతి మిడ్ పేపర్లు దిద్దేదాకా బయటపడదు. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి, పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరిన కుర్రాడికి జవాబు తెలిసినా నోరు పెగలదు. తప్పయితే అందరూ నవ్వుతారని భయం. ఆ భయం లేకుండా క్లాసులో ప్రతి ఒక్కరి చేతా జవాబు చెప్పించే సాధనాల్లో మన కాలేజీలకు బాగా సరిపోయేది ప్లికర్స్ అనే యాప్. కాకపోతే దాన్ని మార్కుల పరీక్షకు వాడితే సగం విలువ పోతుంది.

ఒక్కో విద్యార్థి చేతిలో ఒక్కో కాగితం కార్డు ఉంటుంది. దాని మీద నలుపు తెలుపు గళ్ల గుర్తు, గుర్తుకు నాలుగు వైపులా ఎ, బి, సి, డి అక్షరాలు. తనకు సరైనదనిపించిన అక్షరం పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకోవాలి. లెక్చరర్ ఆ యాప్ తెరిచి తన ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా మెల్లగా తిప్పితే ఎవరు ఏం చెప్పారో నమోదవుతుంది. అక్షరాలు చిన్నవి, పైగా ఏ ఇద్దరి గుర్తులూ ఒకేలా ఉండవు, కాబట్టి పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కుదరదు. కహూట్ లాంటి క్విజ్ యాప్‌లకు ప్రతి విద్యార్థికీ ఫోను, నెట్టు కావాలి. అవి వేగంగా నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లు ఇస్తాయి కూడా. ఓమ్స్ లా లెక్క వేసి చెప్పాల్సిన చోట ఆ తొందర చేటు చేస్తుంది. ఇక్కడ ఫోను, నెట్టు లెక్చరర్ దగ్గర ఉంటే సరిపోతుంది.

కార్డులు ప్లికర్స్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మామూలు సెట్‌లో 40, పెద్ద సెట్‌లో 63. ఇరవై మంది ఉండే ఐటీఐ యూనిట్‌కు మొదటిది చాలు, అరవై మంది సెక్షన్‌కు రెండోది తీసుకోవాలి. 63 దాటిన సెక్షన్‌లో మాత్రం ఇద్దరికో కార్డు ఇవ్వక తప్పదు. కార్డు నంబరును రోల్ నంబరుకు జత చేస్తే ఒకే సెట్టు అన్ని సెక్షన్లకూ పనికొస్తుంది. ప్రింటు మందపాటి, మెరుపు లేని కాగితం మీదే తీయించండి. మెరిసే లామినేషన్ చేయిస్తే ట్యూబ్‌లైటు వెలుగు దాని మీద పడి కెమెరా గుర్తును చదవలేదు. ఫొటోస్టాట్ షాపువాళ్లు మామూలుగా వేసేది ఆ లామినేషనే, కాబట్టి ముందే చెప్పండి.

ఇక అసలు పని ప్రశ్న తయారీలో ఉంది. 230 వోల్టుల సప్లయికి 100 వాట్లు, 40 వాట్ల ఫిలమెంట్ బల్బులు సిరీస్‌లో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? 100 వాట్లదే అన్నవాడు బల్బు మీద రాసిన అంకెనే చూశాడు. రెండూ సమానం అన్నవాడు కరెంటు ఒకటే అన్నంతవరకే ఆలోచించాడు. 40 వాట్ల బల్బు రెసిస్టెన్స్ సుమారు 1,322 ఓమ్‌లు, 100 వాట్లది 529. కరెంటు ఒకటే కాబట్టి రెసిస్టెన్స్ ఎక్కువున్న 40 వాట్లదే ఎక్కువ ప్రకాశిస్తుంది. ఫిట్టర్ ట్రేడ్‌కైతే వెర్నియర్ కాలిపర్ రీడింగ్: లీస్ట్ కౌంట్ (అది కొలవగల అతి చిన్న కొలత) 0.02 మి.మీ., మెయిన్ స్కేల్ 24, కలిసిన గీత 17. సరైనది 24.34. పక్కన 24.17 పెడితే లీస్ట్ కౌంట్‌తో గుణించడం మరిచినవాళ్లు, 41 పెడితే గీతనే మిల్లీమీటరు అనుకున్నవాళ్లు దొరుకుతారు. ఇలా ప్రతి తప్పు ఆప్షన్ వెనుకా విద్యార్థులు నిజంగా చేసే ఒక పొరపాటు ఉండాలి. నోటికొచ్చిన అంకెలు పెడితే ఎవరు ఎక్కడ తడబడ్డారో తెలియదు.

క్లాసులో నడపాల్సిన పద్ధతి హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పీర్ ఇన్‌స్ట్రక్షన్, అంటే తోటివాళ్లతో చర్చించి నేర్చుకోవడం. ప్రశ్న తెర మీద చూపి ఒక నిమిషం ఎవరికి వారు ఆలోచించుకోనివ్వాలి. తర్వాత స్కాన్ చేయాలి, కానీ గ్రాఫ్ గానీ జవాబు గానీ చూపకూడదు. చూపితే ఎక్కువ మంది ఏది అన్నారో మిగతావాళ్లూ అటే తిరుగుతారు. సరైన జవాబు 30 శాతం లోపే ఉంటే, అంటే అరవైలో పద్దెనిమిది మందికంటే తక్కువైతే, చర్చ దండగ. పాఠం మళ్లీ చెప్పాలి. 70 శాతం దాటితే రెండు మాటల్లో వివరించి ముందుకు వెళ్లిపోవచ్చు. మధ్యలో ఉంటే, వేరే జవాబు చెప్పిన పక్కవాడిని ఒప్పించమని రెండు మూడు నిమిషాలు వదిలేసి మళ్లీ ఓటు తీసుకోవాలి. ఈ చర్చ తెలుగులో సాగనివ్వండి. "రెసిస్టెన్స్ ఎక్కువుంటే వోల్టేజ్ డ్రాప్ దానికే ఎక్కువరా" అని తోటివాడు చెబితే ఎక్కినంత త్వరగా ఇంగ్లిష్ నోట్స్ ఎక్కదు. ఒకే ప్రశ్నను యాప్‌లోని ప్రశ్నల సెట్‌లో రెండుసార్లు పెట్టుకుంటే ముందు, తర్వాత ఓట్లు విడివిడిగా మిగులుతాయి.

పొరపాట్లు ఎక్కువగా స్కానింగ్‌లోనే వస్తాయి. వేళ్లు గుర్తు మీద పడితే కార్డు చదవదు; అంచులు పట్టుకోమని మొదటి రోజే చూపించాలి. కిటికీకి ఎదురుగా నిలబడి స్కాన్ చేస్తే వెలుగుకు కార్డులు నల్లగా కనిపిస్తాయి, కాబట్టి కిటికీ మీ వీపు వైపు ఉండాలి. పొడవాటి గదిలో వెనుక బెంచీలు అందకపోతే నడవలో సగం దాకా నడవండి. వర్క్‌షాప్‌లో నూనె చేతులతో కార్డులు రెండు వారాలు కూడా నిలవవు, థియరీ గదిలోనే ఉంచడం మంచిది.

ఇందులో ఉన్నవి నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు, తప్పొప్పుల ప్రశ్నలే. సర్క్యూట్ గీయించడం, వెల్డ్ బీడ్ నాణ్యత చూడడం దీనివల్ల కాదు. కానీ వర్క్‌షాప్‌లోకి పంపేముందు ఒక భద్రత ప్రశ్నకు చక్కగా సరిపోతుంది: గీజర్ బాడీ నుంచి 60 మిల్లీ ఆంపియర్ల కరెంటు భూమిలోకి లీకవుతుంటే 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే ఆఫ్ అయ్యే స్విచ్) పడుతుందా? పడదు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి ఆఫ్ అయ్యే స్విచ్) పడుతుంది. ఇది తప్పు చెప్పిన విద్యార్థి పేరు ఫోన్‌లో కనిపిస్తుంది. పేరు తెరకెక్కించకుండా, బెంచీ మీద పని ఇచ్చేముందు అతనితో విడిగా మాట్లాడాలి.

ఉచిత ఖాతాలో ఒక్కో ప్రశ్నల సెట్‌కు ఐదు ప్రశ్నలే. గంట పీరియడ్‌లో రెండు ప్రశ్నలకు రెండేసి ఓట్లు, చివర్లో ఒకటి అనుకుంటే అవి సరిగ్గా సరిపోతాయి. యూనిట్ మొత్తానికి పెద్ద ప్రశ్నల సెట్ ఒకేచోట కావాలనుకునే విభాగం తప్ప, ఒక లెక్చరర్ సొంత జేబులోంచి డబ్బు కట్టాల్సిన అవసరం లేదు.