హౌసింగ్‌లోకి ఏది మేలు: 140 మినరలా, సింథటిక్ 90యా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీ వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య గేర్లు ఉండే గూడు) ఆయిల్ మార్చమంటే మెకానిక్ నోట వచ్చే మొదటి మాట "నూట నలభై పోసేద్దాం సార్" అనే. అంటే 85డబ్ల్యూ-140 మినరల్ ఆయిల్, ముడి చమురు నుంచి తీసింది. డబ్ల్యూ ఉన్న అంకె చలిలో పనికి, వెనకది వేడిలో చిక్కదనానికి గుర్తు. ఎండలు మండే ఊరు, పైన బరువు లోడు, ఆయిల్ చిక్కగా ఉంటేనే లోపలి క్రౌన్, పినియన్ గేర్లు బతుకుతాయని వాళ్ల లెక్క. దాన్ని కొట్టిపారేయలేం. 100 డిగ్రీల వేడిలో 90 ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు ఉంటే, 140ది 24కి తగ్గదు.

అయితే ఆ చిక్కదనానికి మూల్యం డీజిల్‌తో కడతాం. క్రౌన్ తిరిగినంతసేపూ ఆ ఆయిల్‌ను చిలకాలి, ఆ చిలకడంలోనే వేడి పుడుతుంది. గుంటూరు యార్డులో మిర్చి ఎక్కించుకుని 16వ నంబరు హైవే మీద కోల్‌కతా దాకా పోయే బండికి ఇది పట్టించుకోవాల్సిన ఖర్చే.

సింథటిక్ (రసాయనికంగా తయారుచేసిన ఆయిల్) 75డబ్ల్యూ-90 అమ్మేవాళ్లు "ఎంత చలికైనా గడ్డకట్టదు" అంటారు. నిజమే, అది మైనస్ 40 డిగ్రీల కోసం చేసిన గ్రేడు. సంక్రాంతి చలికి ఒక దుప్పటి చాలే మన ఊళ్లో ఆ గుణం ఎవరికి కావాలి? ఇక్కడ సింథటిక్ కొనేది వేడి కోసం. కాగినా మినరల్ పల్చబడినంతగా ఇది పల్చబడదు, త్వరగా మాడి జిగురు కట్టదు. ఆయిల్ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ వేడిని ఓర్చుకుంటుంది కాబట్టే సింథటిక్ ఎక్కువ కిలోమీటర్లు నడుస్తుంది. ధర మాత్రం మినరల్‌కి రెండింతలు, ఒక్కోసారి ఇంకా పైనే.

దూరం పోయే బండికి, కంపెనీ పుస్తకం 90 ఒప్పుకుంటే, నేను సింథటిక్కే పోయిస్తాను. పుస్తకంలో 140 అని ఉంటే మాత్రం సింథటిక్ కదా అని 90కి దిగకూడదు. సింథటిక్‌లోనూ 75డబ్ల్యూ-140 దొరుకుతుంది. ఇసుక, కంకర తోలే టిప్పర్‌కి మినరల్ 140 చాలు. రేవుల్లో, గుంతల్లో దిగే బండికి బ్రీదర్ (హౌసింగ్‌కి గాలి ఆడే చిన్న గొట్టం) గుండా నీళ్లు చేరి ఆయిల్ పాలలా తెల్లబడితే, ఎంత ఖరీదైనదైనా పారబోయాల్సిందే.

ఏది కొన్నా డబ్బా మీద జీఎల్-5 (గేర్ ఆయిల్ ఎంత ఒత్తిడికి ఓర్చేదో చెప్పే స్థాయి) అని ఉండాలి. క్రౌన్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ నలుగుతాయి, ఆ ఒత్తిడికి తట్టుకునే గంధకం, భాస్వరం మందులు అందులోనే ఎక్కువ. మిగిలింది కదా అని జీఎల్-4 అడిగే గేర్‌బాక్స్‌లో పోయొద్దు, లోపలి ఇత్తడి రింగులు తినేయొచ్చు.

మొదటిసారి సింథటిక్ పోయించినప్పుడు నేను పినియన్ సీల్ (ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు రింగు) వైపు చూడనే లేదు. పాత సీల్. సగం ఆయిల్ ఏలూరు దాటేలోపే రోడ్డుపాలైంది. ఇప్పుడు సీల్ మార్పించి, బ్రీదర్ ఊది చూశాకే డబ్బా మూత తీయిస్తున్నాను.