అడవి వరిలో ఎనిమిది సీజన్లు: మేం వాడిన మూడు పడవలు

మాది కొల్లేటి లంక. చిన్నప్పుడు నాన్న తాటి దోనెలో గెడ వేసుకుంటూ మమ్మల్ని అవతలి గట్టుకు దింపేవారు. ఇన్నేళ్ల తర్వాత దక్షిణ న్యూజెర్సీలో, మారిస్ నదిలో మళ్లీ గెడ పడతానని కలలో కూడా అనుకోలేదు. మా పక్క వీధిలో ఉండే పెద్దాయన ఒకాయన సెప్టెంబర్‌లో సోరా పక్షుల వేటకు వెళ్తూ, పడవ తోసేవాళ్లు దొరకట్లేదని వాపోతే సరదాగా వెంట వెళ్లాను. తుపాకీ ఆయనది, గెడ నాది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఇలాంటి వేట నేరం. ఇక్కడ లైసెన్సు ఉంది, సీజన్ ఉంది, రోజుకు ఇన్నే అన్న లెక్క ఉంది. అయినా అమ్మకు ఫోన్‌లో చేపలకు వెళ్తున్నాననే చెప్తాను.

సోరా మన నీటికోడికి చుట్టమే, కాకపోతే గుప్పెడంత పిట్ట. ఈ రకం పిట్టల్ని ఇక్కడ రెయిల్ అంటారు. దక్షిణానికి వలసపోతూ ఈ నది ఒడ్డున పెరిగే అడవి వరి గింజల కోసం దిగుతుంది. ఆ వరి మనిషిని మించి పెరుగుతుంది. నేల తేలి ఉంటే పిట్ట కాడల మధ్య పరిగెత్తి తప్పించుకుంటుంది. నదిలోకి సముద్రపు పోటు నిండుగా ఎక్కితేనే దానికి ఎగరక తప్పదు. అందుకే అమావాస్య, పౌర్ణమి పోట్లు చూసుకుని బయల్దేరతాం. పోటు నిండే ముందు గంటన్నర, నిండాక ఓ గంట, అంతే వేట. మోటారు నడుపుతూ కాల్చడానికి చట్టం ఒప్పుకోదు. మోటారు ఆపి, దాని ఊపు కూడా ఆగాకే కాల్చాలి. చట్టం సంగతి అటుంచినా, ఆ వరిలో ఫ్యానుకు కాడలు తాడులా చుట్టుకుపోతాయి.

మొదటి సీజన్ పద్నాలుగు అడుగుల అల్యూమినియం జాన్ బోట్‌తో, అంటే అడుగుభాగం చదునుగా ఉండే పడవతో నడిపించాం. పెద్దాయన ఇంట్లో ఉన్నదే. కదలకుండా నిలుస్తుంది, ఎవరు లేచి నిలబడినా భయం లేదు. కానీ దాని చదును మూతి వరిని చీల్చదు, వంచి ముందుకు నెడుతుంది. పది గజాలు పోయేసరికి ముందు గడ్డివాము తయారవుతుంది. పైగా కాడలు రేకుకు రాసుకుంటే వచ్చే గీర చప్పుడుకు నాకే పళ్లు జివ్వుమనేవి.

రెండో సీజన్ కెనూ. సన్నగా ఉంటుంది కాబట్టి కాడల మధ్య పాములా దూరిపోతుంది. గెడ వేయాలంటే మాత్రం నేను నిలబడాలి కదా. ఒకరోజు పెద్దాయన పక్కకు తిరిగి కాల్చాడు, తుపాకీ వెనక్కి తన్నిన ఊపుకు ఇద్దరం నీళ్లలో తేలాం. నీళ్లు నడుం లోతే, బురద మోకాలి లోతు. తుపాకీ దొరికింది. ఆయన కళ్లజోడు ఇంకా మారిస్ నదిలోనే ఉంది.

మూడోది ఈ వేటకనే పుట్టిన రెయిల్ బోట్. పదిహేను అడుగుల పొడవు, అడుగుభాగం చదును, నడుమ మూడడుగుల వెడల్పు, రెండు కొసలూ మొన తేలి ఉంటాయి. ప్లైవుడ్ పడవ, సెకండ్ హ్యాండ్‌లో ఏడొందల డాలర్లకు కొన్నాం. ఆరు సీజన్లుగా అదే.

దాని విలువ నాకు తెలిసింది వెనక్కి వచ్చేటప్పుడు. పిట్ట పడిన చోటును చూపు తిప్పకుండా గుర్తుపెట్టుకుని, అక్కడికి పోయి, ఏరుకుని, మళ్లీ వెనక్కి రావాలి. ఒక పోటులో ఇలా ఎన్నిసార్లో. జాన్ బోట్ వెనక భాగం గోడలా ఉంటుంది. వెనక్కి లాగితే గడ్డంతా అక్కడే పోగవుతుంది, తిప్పబోతే అడ్డంగా ఇరుక్కుంటుంది. దీన్ని తిప్పే పనే లేదు, చీల్చుకున్న దారిలోనే వెనక్కి జారుతుంది. కొల్లేటి కిక్కిస గడ్డిలో దోనె తిప్పబోతే నాన్న కసిరేవారు, "వచ్చిన దారినే రారా" అని. కొనేవాళ్లందరూ ముందు మొనే చూస్తారు. మీరు వెనక కూడా చూడండి.

గెడ విషయంలో తెలివితేటలకు పోయి మొదట మన ఊరి అలవాటు చొప్పున వెదురు కర్ర తెచ్చాను. బురదలో దిగి బిగుసుకుపోయింది. పడవ ముందుకెళ్లింది, నేను కర్రకు వేలాడుతూ మిగిలాను. ఇక్కడివాళ్ల గెడ కింద కొసన కోడికాలు లాంటి చెక్క వేళ్లు విచ్చుకుని ఉంటాయి, అందుకని లోతుకు దిగదు. అది కొనుక్కోండి, నా మాట వినండి.

లోపాలూ ఉన్నాయి. మొన తేలిన వెనక భాగానికి మోటారు బిగించలేం. గాలి ఉన్నప్పుడు నది మధ్యలో ఎండుటాకులా పక్కకు కొట్టుకుపోతుంది; అంచులు పొట్టివి కాబట్టి రెండుసార్లు అల లోపలికొచ్చి కాళ్లు తడిశాయి. అమ్మినాయన "మెయింటెనెన్స్ ఏమీ ఉండదు" అన్నాడు. ఓ చలికాలమంతా బోర్లించకుండా పెరట్లో వదిలేశాను, వాన నీళ్లు నిలిచి అడుగున ప్లైవుడ్ అంచు మెత్తబడిపోయింది. ఆ తప్పు నాదే. ఇప్పుడు ఏటా ఆగస్టులో అడుగుకు మైనం పట్టిస్తున్నాను, తోయడం బాగా తేలికైంది.

సోరా, దాని చుట్టమే అయిన వర్జీనియా రెయిల్ పిట్ట కలిపి రోజుకు 25 దాకా కొట్టొచ్చు. మేం పది దాటింది లేదు, అప్పటికే నా భుజాలు చాలంటాయి.

గడ్డి లేని బాహాటపు నీళ్లలో బాతుల కోసమైతే ఇది కొనొద్దు. జాన్ బోట్ కూడా మేం అమ్మలేదు. దానికి మోటారు పెట్టి, రెయిల్ బోట్‌ను వెనక తాడుతో కట్టుకుని నది దాటుతాం. వరి మొదలయ్యే చోట దాన్ని కట్టేసి ఇందులోకి మారతాం.