కేకలేసి చెప్పడమా, కలిసి మెలిసి ఉండడమా: పరాయి దేశం మనల్ని నమ్మాలంటే ఏది మేలు?

2025 మే 8 రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు సింగరాయకొండ దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద నుంచి ఫోన్ చేశాడు. ఏరేటర్ల మోతలో మాట సరిగ్గా వినపడలేదు. "మామా, టీవీ పెట్టు. కరాచీ రేవు తగలబడతా ఉందంట. మన నేవీ కొట్టిందంట" అన్నాడు. పెట్టాను. ఒక ఛానల్ తర్వాత ఒకటి అదే మాట. కావలిలో మా వీధిలో ఇంకో రెండిళ్లలో లైట్లు వెలిగాయి. ఎదురింటాయన గేటు దగ్గరికొచ్చి "నిజమేనా సార్?" అని అడిగితే, టీవీలో చెబుతున్నారు కదా అన్నాను. తెల్లారేసరికి కరాచీ రేవు ఎక్కడిదక్కడే ఉంది. మావాడు వాట్సాప్‌లో పంపిన మంటల వీడియోల్లో ఒకటి కంప్యూటర్ గేమ్‌లోదని తేలింది.

అంతకు రెండు వారాల ముందు కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారన్నది నిజం. చనిపోయిన వాళ్లలో మా జిల్లా బిడ్డ కూడా ఉన్నాడు. ఆ నిజం చాలు, ప్రపంచం ముందు నిలబడి మాట్లాడడానికి. దాని పక్కన ఒక అబద్ధపు మంట పెట్టుకున్నాం. విదేశీ పత్రికలు మన బాధ గురించి రాయాల్సిన చోట మన ఛానళ్ల గురించి రాశాయి. అవతలి వాళ్లూ తక్కువ తినలేదు. విమానాలు కూల్చామన్నారు కదా, రుజువేదీ అని సీఎన్‌ఎన్ వాళ్లు అడిగితే పాకిస్తాన్ రక్షణ మంత్రి ఖవాజా ఆసిఫ్, సోషల్ మీడియా నిండా ఉంది చూసుకోమన్నాడు.

రెండు వారాలకు కేంద్రం మన వాదన చెప్పడానికి ఏడు అఖిలపక్ష బృందాలను ముప్పైకి పైగా దేశాల రాజధానులకు పంపింది. దాని మీద మా మేనల్లుడికీ నాకూ వాదన పడింది. "అన్ని విమాన టిక్కెట్లు పెట్టి పోయి కలిసేది ఎవర్ని మామా? కొందరు ఎంపీల్ని, పత్రికల వాళ్లని. ఒక్క వీడియో కోటి ఫోన్లలోకి పోద్ది" అన్నాడు. తీసిపారేయాల్సిన మాట కాదది. అందుకే ఇంత రాస్తున్నాను.

ప్రొపగాండా ఒకటి, ప్రజా దౌత్యం ఒకటి. తెలుగులో రెంటినీ ప్రచారమనే అంటాం. పోలియో చుక్కలదీ ప్రచారమే, ఎన్నికలదీ ప్రచారమే. ప్రొపగాండా అనే మాట 1622లో రోమ్‌లో మత వ్యాప్తి కోసం పెట్టిన చర్చి విభాగం పేరు నుంచి వచ్చింది. మొదట్లో అందులో చెడు అర్థం లేదు. ప్రజా దౌత్యం, అంటే పబ్లిక్ డిప్లొమసీ, ఇప్పటి అర్థంలో 1965లో అమెరికా మాజీ దౌత్యవేత్త ఎడ్మండ్ గలియన్ వాడుకలోకి తెచ్చిన మాట. ఒక ప్రభుత్వం ఇంకో దేశపు ప్రభుత్వంతో కాకుండా అక్కడి జనంతో నేరుగా సంబంధం పెట్టుకోవడం: లైబ్రరీలు, పుస్తకాలు, రేడియో, స్కాలర్‌షిప్‌లు, రాకపోకలు. మొదటిదానికి మచ్చ పడింది కాబట్టి రెండోదాన్ని కనిపెట్టారనే వాళ్లున్నారు. అందులో కొంత నిజముంది. అందుకే పేర్లు చూసి తేల్చలేం, చేసిన పని చూడాలి. రెండు పనులూ ఒకే ఖజానా నుంచి చేసిన సోవియట్ యూనియన్‌ను మా తరం దగ్గరగా చూసింది.

1970ల్లో, నాకు పదేళ్లప్పుడు, ట్రంకు రోడ్డు పక్కన విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్ ఆగేది. నాయన చెయ్యి పట్టుకుని పోయేవాణ్ణి. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు. గట్టి అట్ట, మందపాటి కాగితం, తెరవగానే ఒక రకం వాసన, మంచులో నిలబడ్డ నక్క బొమ్మ. ఆ ధరకు అంత మంచి అచ్చు పుస్తకం మన దగ్గర దొరికేది కాదు. ఆ అనువాదాల వెనక ఉప్పల లక్ష్మణరావు లాంటి రచయితలు మాస్కోలో కాపురముండి చేసిన పని ఉంది. అందుకే రష్యా ముసలమ్మ మా అవ్వలాగే మాట్లాడేది. ఆ పుస్తకాలు మమ్మల్ని ఏమీ అడగలేదు. మా దేశం గొప్పదనలేదు, అమెరికా చెడ్డదనలేదు.

అదే దేశం నుంచి సోవియట్ భూమి పత్రికా వచ్చేది. ఇంకా నున్నటి కాగితం, ఇంకా మంచి రంగులు. దాన్ని కూర్చుని చదివిన గుర్తు నాకు లేదు. జూన్‌లో బడి తెరిచే ముందు అక్క ఆ కాగితాలు చించి నోటు పుస్తకాలకు అట్టలేసేది. ట్రాక్టర్ మీద నవ్వుతున్న అమ్మాయి ఒకామె నా లెక్కల పుస్తకం మీద ఏడాదంతా ఉండిపోయింది. ఆ పత్రికలో పంటలెప్పుడూ బాగా పండేవి. 1956లో హంగరీలోకి, 1968లో ప్రాగ్‌లోకి వెళ్లిన ట్యాంకుల సంగతి నాకు పెద్దయ్యాక వేరేచోట తెలిసింది.

మూడో పని కూడా ఆ దేశమే చేసింది. 1983 జులైలో ఢిల్లీ నుంచి వచ్చే పేట్రియట్ అనే పత్రికలో పేరు లేని లేఖ ఒకటి పడింది. రాసింది అమెరికా శాస్త్రవేత్త అన్నారు. ఎయిడ్స్‌ను అమెరికా సైన్యం ప్రయోగశాలలో పుట్టించిందని దాని సారాంశం. అది సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ పని. రెండేళ్ల తర్వాత సోవియట్ పత్రికలు దాన్ని పట్టుకుని, భారత పత్రికే రాసింది చూడండంటూ పదుల దేశాలకు పాకించాయి. 1992లో రష్యా విదేశీ గూఢచార సంస్థ అధిపతి ప్రిమకోవ్ అందులో కేజీబీ చెయ్యి ఉందని ఒప్పుకున్నాడు. ఆ రోగం ఎట్లా సోకుతుందో, ఎట్లా సోకదో ఊరూరా చెప్పాల్సిన రోజుల్లో ఎవడు పుట్టించాడన్న పుకారు తిరిగింది. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అందుకే.

అబద్ధానికి ఆయుష్షు తక్కువ అని నేననను. ఆ ఎయిడ్స్ కథ నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ దాన్ని నమ్మినవాడు కూడా రష్యాను ప్రేమించలేదు, అమెరికాను ఇంకాస్త అనుమానించాడంతే. ఇక్కడే నాకు అసలు తేడా కనపడుతుంది. ఎదుటివాడి పేరు చెడగొట్టడానికి ప్రొపగాండా బాగానే పనిచేస్తుంది. మన పేరు నిలబెట్టడం దానికి చేతకాదు. సోవియట్ యూనియన్ 1991లో పోయింది. మా ఇంట్లో ఆ నక్క పుస్తకం ఉంది.

తొందర పని అయితే ప్రొపగాండాదే పైచేయి అని ఒప్పుకోవాలి. 1990 అక్టోబర్‌లో పదిహేనేళ్ల కువైట్ అమ్మాయి ఒకతె అమెరికాలో చట్టసభ సభ్యుల ముందు ఏడుస్తూ, ఇరాక్ సైనికులు ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లలోంచి పసిపిల్లల్ని తీసి నేలమీద పడేశారని చెప్పింది. కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ మీద యుద్ధానికి అమెరికా మనసు మారడంలో ఆ కన్నీళ్ల పాత్ర ఉంది. ఆ అమ్మాయి కువైట్ రాయబారి కూతురనీ, వెనక ప్రచార కంపెనీ ఉందనీ 1992లో బయటపడేసరికి యుద్ధం ముగిసింది. పని అయిపోయింది. కానీ ఖాతా మూతపడలేదు. 2003లో ఐక్యరాజ్య సమితిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ ఉన్నాయని చెప్పిన ఇరాక్ సామూహిక విధ్వంస ఆయుధాలు ఎక్కడా దొరకలేదు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి వస్తోందని అమెరికా ముందే చెప్పినప్పుడు, అది నిజమైనా, చాలామంది నమ్మలేదు. మా పల్లెల్లో పరపతి అనే మాటకు పేరు అనీ, అప్పు పుట్టే సత్తా అనీ రెండర్థాలున్నాయి. ఒకసారి మాట తప్పినవాడికి విత్తనాలకు కూడా అప్పు పుట్టదు.

రేడియో కథ వేరు. ఎమర్జెన్సీ రోజుల్లో నాయన రాత్రిపూట ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని షార్ట్‌వేవ్‌లో బీబీసీ వినేవాడు. గరగర శబ్దంలో సగం మాటలు పోయేవి. తెల్లవాళ్లను ఈ దేశం నుంచి పంపించాలని జెండా పట్టుకుని తిరిగిన కుటుంబం మాది. ఆయన ఆ తెల్లవాళ్ల రేడియోనే నమ్మాడు. ఎందుకు? ఆ రేడియోకు డబ్బిచ్చేది బ్రిటన్ ప్రభుత్వమే. అయినా 1956లో సూయెజ్ కాలువ కోసం ఈజిప్టు మీదికి సైన్యాన్ని పంపినప్పుడు, ప్రధానిని తప్పుపట్టిన ప్రతిపక్ష నాయకుడి ప్రసంగాన్ని బీబీసీ ప్రసారం చేసింది. ప్రభుత్వానికి మండిపోయింది. కానీ సొంత ఇంటి తప్పు చెప్పేవాడు బయటి సంగతి కూడా సరిగ్గా చెబుతాడని వినేవాడికి అనిపిస్తుంది. ఏడు బృందాల్లో నాకు నచ్చింది కూడా అదే. ఇక్కడ రోజూ ప్రభుత్వంతో తగవుపడే థరూర్, కనిమొళి, ఒవైసీ లాంటివాళ్లు అక్కడికెళ్లి దేశం తరఫున మాట్లాడారు. ఆ తగవు తెలిసినవాడికే ఆ మాట బరువు తెలుస్తుంది.

సాయం చేస్తే చాలు, పేరు దానంతటదే వస్తుందా? రాదు. బళ్లో మాకు అమెరికా గోధుమనూక ఉప్మా, పాలపొడి కలిపిన పాలు పెట్టేవాళ్లు. అల్యూమినియం గిన్నెతో వరసలో నిలబడిన పిల్లలకు అమెరికా అంటే ఆ వేడి ఉప్మానే. కానీ 1965, 66 కరువుల్లో అధ్యక్షుడు జాన్సన్ ఆ గోధుమల ఓడలను నెలనెలా లెక్కగట్టి వదిలాడు. వియత్నాం యుద్ధాన్ని మన ప్రభుత్వం తప్పుపడుతోందని ఆయనకు కోపం. ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన అవమానం ఢిల్లీలో వాళ్లు మర్చిపోలేదు.

దీనికి ఎదురుగా మా ప్రాంతంలోనే ఒక పాత కథ ఉంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇచ్చాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్టిజం ఇవ్వడం ఆపేశాడు. అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని. సాయం అయిపోయాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్టిజం తీసుకున్నారు. మతం మారడం మంచిదా కాదా అన్న చర్చ నేను ఎత్తుకోను. పెట్టే చెయ్యినీ, అడిగే నోటినీ ఆయన వేరుగా ఉంచాడు. జాన్సన్ రెంటినీ కలిపాడు. నాకు కావలసింది ఆ తేడానే.

మన దేశం ఈ విషయంలో ఎట్లా ఉంది? 2014 జూన్‌లో శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడడానికి వచ్చిన ప్రధాని, పొరుగు దేశాలకు కానుకగా ఒక ఉపగ్రహం చేయండని శాస్త్రవేత్తలను అడిగారు. 2017 మే 5న అది అక్కణ్ణుంచే లేచింది. శ్రీహరికోట అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఖర్చు 235 కోట్లు. పాకిస్తాన్ వద్దంది, మిగతా పొరుగువాళ్లు తీసుకున్నారు. అలా తీసుకున్న మాల్దీవులకు 2014లో తాగునీళ్లు, 2021లో టీకాలు కూడా పంపాం. అయినా 2023లో అక్కడి అధ్యక్ష ఎన్నికల్లో ఇండియా అవుట్ అన్న ముయిజ్జు గెలిచాడు. ఉపకారం చేసినా ఓటు పడదని ఆ రోజు చాలామంది బాధపడ్డారు. తర్వాత ఏడాదికే ఆయన డబ్బు సాయం కోసం ఢిల్లీ వచ్చాడు, 2025 జులైలో వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవానికి మన ప్రధానిని ముఖ్య అతిథిగా పిలిచాడు. ఈ దారిలో ఫలితం ఆలస్యం, మధ్యలో వెనకడుగులూ పడతాయి. మన వైపు మచ్చ కూడా ఉంది. ఏళ్ల తరబడి 750కి పైగా నకిలీ వార్తా సైట్లు భారత్ తరఫున విదేశాల్లో నడిచాయని 2020లో యూరప్‌కు చెందిన ఈయూ డిస్ఇన్ఫోల్యాబ్ అనే సంస్థ బయటపెట్టింది. తమకు సంబంధం లేదని మన విదేశాంగ శాఖ అంది. ఎవరు నడిపినా, నిజంగా మన తరఫున మాట్లాడేవాళ్ల మీద కూడా అనుమానం పడేలా చేశారు.

ఇదంతా మా మేనల్లుడికి చెబితే పూర్తిగా ఒప్పుకోలేదు. అప్పుడు వాడి చెరువు సంగతే అడిగాను. "మన రొయ్య మంచిదని అమెరికా వాడికి ఎట్టా తెలుసు? ప్రకటన చూసి కొంటాడా?" వాడు వెంటనే అన్నాడు: "లేదు మామా, ల్యాబ్‌లో వేసి చూస్తాడు. ఒక్క కంటైనర్‌లో యాంటీబయాటిక్ దొరికిందా, అది వెనక్కి వస్తది, మన వైపు సరుకు మొత్తానికి చెక్కింగ్ పెరుగుద్ది. ఎవడో ఒకడు మందు వాడితే నా చెరువుకీ దెబ్బే." దేశం మాట కూడా అట్లాంటి సరుకే కదా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

ప్రభుత్వం డబ్బు పెడితే ఎక్కడ పెట్టాలని నన్నడిగితే, 1964 నుంచి నడుస్తున్న ఐటెక్ శిక్షణకు పెట్టమంటాను. 160 దాకా దేశాల ఉద్యోగులు ఇక్కడికొచ్చి నేర్చుకుని పోయే పథకం అది. మన కథలను వాళ్ల భాషల్లోకి తెచ్చే అనువాదకులకు జీతాలిమ్మంటాను. యుద్ధం రాత్రి అయితే వేగంగా చెప్పాల్సిందే, కాదనను. చెప్పేది రుజువున్నదే అయ్యుండాలి, అంతే.

మావాడి స్నేహితుడు ఒకడు కువైట్‌లో డ్రైవర్. గదిలో ఇద్దరు పాకిస్తాన్ వాళ్లు, ఏడేళ్లుగా కలిసి వండుకు తింటున్నారు. ఆ మే 8 రాత్రి మావాడు వీడియో వాడికీ పంపాడు, వాడు గదిలో చూపించాడు. పొద్దున్నే ఆ ఇద్దరిలో ఒకడు కరాచీలో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ కలిపి ఫోన్ వీడి చేతికిచ్చాడంట. తమ్ముడు రేవు దగ్గరే నిలబడి ఉన్నాడు. పహల్గాం గురించి ముందు రోజు రాత్రి దాకా వాళ్లతో తలెత్తి మాట్లాడినవాడు, ఆ పొద్దున ఏం మాట్లాడాలో తెలియక టీ కూడా తాగకుండా డ్యూటీకి పోయాడంట. ఈ సంగతి నెల తర్వాత తెలిసి మా మేనల్లుడు, తన రొయ్య రైతుల గ్రూపులో, నేను పెట్టిన ఆ వీడియో అబద్ధం, తప్పయింది అని తెలుగులో రాసి పెట్టాడు. అదే మాట కువైట్‌కూ పంపాడు, గదిలో వాళ్లకు చూపించమని.